నీళ్ళు తాగిన కేబుల్

నాకు కోపమెక్కువ. హాజిన్ రేవులో ఏ పిల్లిని అడిగినా చెబుతుంది. పడవల రేడియోలు బాగుచేసే పాన్ సోక్ దగ్గరికి వెళ్తే సెట్టుతో పాటు మనకీ వాతలు పడతాయని మా రేవులో అనుకుంటారు. పని తెలిసినవాడు నాలుగు మాటలన్నా వినేవాళ్ళు పడాలి అనేది అప్పట్లో నా సిద్ధాంతం. ముప్పై ఏళ్ళు అదే పొగరుతో బతికాను.

మా పనికి సొంత మాటలున్నాయి. సెట్టు నుంచి కేబుల్ గుండా తెరచాప కొయ్య పైనున్న ఏంటెన్నాకి పోయే బలం ఫార్వర్డ్ పవర్. ఏంటెన్నా పుచ్చుకోక వెనక్కి తన్నుకొచ్చేది రిఫ్లెక్టెడ్ పవర్. ఈ రెంటినీ బేరీజు వేసి మీటరు చూపించే అంకె స్టాండింగ్ వేవ్ రేషియో. ఒకటి దగ్గర ముల్లు నిలబడితే ఏమీ వెనక్కి రాలేదని. రెండు దాటితే అనుమానించాలి, మూడు దాటితే సెట్టుకే గండం. ఈ మాటలు జాలర్లకి తెలియవు. నేను అంటుంటే నోరు తెరుచుకుని వింటారు. అలా వినడం నాకు బాగుండేది, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఇది సెల్‌ఫోన్లు రాని రోజుల సంగతి. ఆ ఏడు నవంబరులో తక్ చున్ సామ్ నా కొట్టుకి వచ్చాడు. వాడికో చిన్న పడవ ఉండేది, పేరు బోక్ సన్. పీతల వలలు వేసేవాడు. పడవలో ఇద్దరే, వాడూ, దోక్ బే అని ముప్పై ఏళ్ళవాడూ. దోక్ బే మా రేవులో స్క్విడ్‌లు చీరి ఎండబెట్టే ఓక్ బున్ వదిన కొడుకు. వదిన మొగుడు పోయాక ఆవిడకి ఉన్నదల్లా వాడొక్కడే.

"అన్నా, మళ్ళీ అదే గోల," అన్నాడు చున్ సామ్. "దూరం పోయాక రేవు రేడియో స్టేషనువాళ్ళు చెప్పేది నాకు వినపడుతోంది. నేను చెప్పేది వాళ్ళకి వినపడట్లేదు. నిన్న కూడా రేడియోలో హాజరు పలకలేదని తిట్టారు."

"మీ ఇంట్లోనూ అంతేగా. మీ ఆవిడ చెప్పేది నీకు వినపడుతుంది, నువ్వు చెప్పేది ఆవిడకి వినపడదు. దానికీ మీటరు పెట్టమంటావా?"

వెనకాలే వచ్చిన దోక్ బే పకపకా నవ్వాడు. "అడిగి మరీ తన్నులు తినడమంటే ఇదే బాబాయ్," అన్నాడు వాడితో.

మీటరు పట్టుకుని పడవ ఎక్కాను. ఎముకలు కొరికే గాలి. కొయ్య మీద మంచు పేరుకుంది. సెట్టుకీ కేబుల్‌కీ మధ్య మీటరు పెట్టి మైకు నొక్కాను. ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఒకటి పాయింట్ ఒకటి దగ్గర ఆగింది. కొత్త పడవల్లో కూడా అంత మంచి అంకె రాదు. స్టేషనుని పిలిచాను. స్టేషను రేవు చివర గుట్ట మీదే ఉంది, ఈల వేసినా వినపడుతుంది. గంట కొట్టినట్టుంది అన్నారు.

"చూశావా? నీ సెట్టు నీకంటే ఆరోగ్యంగా ఉంది."

"అది కాదన్నా, పైకెక్కి అక్కడ కూడా ఓసారి మీటరు పెట్టి చూడవూ? ఇదివరకు ఎక్కేవాడివిగా."

"ఒకటి పాయింట్ ఒకటి చూపిస్తుంటే పైకెక్కేదేంట్రా, కోతినా నేను? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడు. నోట్లో స్క్విడ్ ముక్క నములుతూ మాట్లాడకు."

వాడి మొహం చిన్నబోయింది. నేను పసుపు చీటీ తీసి రాశాను. ప్రసారం ఉత్తమం, నిష్పత్తి ఒకటి పాయింట్ ఒకటి, తేదీ, సంతకం. దారంతో సెట్టుకి కట్టాను. ఊరుకోకుండా ఆ సాయంత్రం సోజు తాగుతూ నలుగురిలో ఈ కథ చెప్పి నవ్వించాను. అప్పట్నుంచి చున్ సామ్‌కి 'మూగ పడవ' అని పేరు పడింది. ఎదురుపడితే చాలు, ఏరా మూగ పడవా, ఇవాళైనా మాట్లాడిందా నీ డబ్బా, అనేవాళ్ళు. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఆ తర్వాత రేడియో సంగతి మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పొద్దున్నే రేవు దాటేటప్పుడు వాడి హాజరు స్టేషనుకి వినపడేది. దూరం పోయాక మధ్యాహ్నం హాజరు వినపడకపోతే, చున్ సామ్ మళ్ళీ మరిచాడు, వాడి సంగతి తెలిసిందేగా, అని స్టేషనువాళ్ళు గీత గీసి వదిలేసేవాళ్ళు. ఆ అలుసు నేను చేసిందే.

జనవరిలో బోక్ సన్ మునిగింది. మంచి ఎండ ఉన్న పగలు, గాలి మాత్రం ఉత్తరాన్నుంచి ఈడ్చి కొడుతోంది. మర్నాడు పొద్దున ఒక పెద్ద పడవవాళ్ళకి తిరగబడ్డ బోక్ సన్ కనిపించింది. దాని అడుగుకి తాడుతో తనని తాను కట్టుకుని చున్ సామ్ దొరికాడు, కొన ఊపిరితో. చలికి కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడిపోయాయి, తర్వాత ఆసుపత్రిలో తీసేశారు. దోక్ బే నాలుగో రోజున ఉత్తరం వైపు రాళ్ళలోకి కొట్టుకొచ్చాడు.

ఆసుపత్రి మంచం మీద చున్ సామ్ ఒకటే మాట. "నలభై నిమిషాలు పిలిచాం. ఆగకుండా పిలిచాం."

స్టేషను పుస్తకంలో ఒక్క పిలుపు లేదు. చుట్టుపక్కల ఉన్న పడవలు ఏడు. ఏ ఒక్కరూ వినలేదు. ఇంకేముంది, రేవంతా ఒకటే గుసగుస. పిలవనే లేదు, తాగి పడుకుని ఉంటాడు. తను తాడు కట్టుకుని వాణ్ణి వదిలేశాడు. ఇప్పుడు నలభై నిమిషాలని కథలల్లుతున్నాడు. నోరు లేనివాడి మీద నిందలు వేయడం ఎంతసేపు.

శవాన్ని సాగనంపే రోజున చున్ సామ్ కట్లతోనే వచ్చాడు. వాకిట్లో మోకాళ్ళ మీద కూలబడి నేలకి తల ఆనించాడు. ఓక్ బున్ వదిన లోపల్నుంచి గుప్పెడు రాళ్ళుప్పు తెచ్చి పీడని తరిమినట్టు వాడి మొహాన కొట్టింది.

"చంపినవాడివి సాగనంపడానికొచ్చావట్రా? వాడు నిన్ను బాబాయ్ బాబాయ్ అంటూ నీ వెనకే తిరిగాడు. ఒక్క కేక వేయడానికి నోరు రాలేదా నీకు? ఫో! నా గుమ్మంలో నీ నీడ పడకూడదు!"

వాడు కళ్ళలో ఉప్పు పడినా తుడుచుకోలేదు. ఎవరో లేపి పంపించారు. నేనూ అక్కడే ఉన్నాను. వదినే న్యాయం మాట్లాడుతోంది అనుకున్నాను. నా మీద ఒట్టు, అప్పటికి నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

విచారణ మా సంఘం హాల్లో పెట్టారు. పట్నం నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. రేవంతా హాల్లోనే ఉంది. నన్ను పిలిచి, రేడియో పని చేసే స్థితిలో ఉందా అని అడిగారు. నేను కోటు వేసుకుని వెళ్ళాను. ఫార్వర్డ్ పవర్ ఇంత, రిఫ్లెక్టెడ్ పవర్ ఇంత, స్టాండింగ్ వేవ్ రేషియో ఒకటి పాయింట్ ఒకటి, కాబట్టి ప్రసార లోపానికి అవకాశం శూన్యం అని గడగడా అప్పజెప్పాను. పెద్ద అధికారి తలాడించి రాసుకున్నాడు. అతనికి సగం అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. అడగడానికి నామోషీ పడ్డాడు.

"మీరేమంటారు?" అని చున్ సామ్‌ని అడిగాడు.

"పిలిచామండీ," అన్నాడు వాడు.

"సాంకేతికంగా రేడియో బాగానే ఉందని ఈయన చెబుతున్నారే?"

వాడు నావైపు చూశాడు. "అన్న చెబితే బాగానే ఉండుంటుంది. కానీ మేము పిలిచామండీ."

హాలు వెనక నుంచి ఎవడో నవ్వాడు. వాడి దగ్గర ఆ ఒక్క ముక్కే ఉంది. నా దగ్గర అరడజను పెద్ద మాటలున్నాయి. వారం తర్వాత మళ్ళీ కూర్చుంటామని, ఈలోగా పడవలోని సెట్టు విప్పి అప్పగించమని నాతో చెప్పి అధికారులు వెళ్ళిపోయారు. తప్పు చున్ సామ్‌దేనని తేలితే జైలు తప్పదన్నారు.

మర్నాడు పడవల మరమ్మతు గట్టుకి వెళ్ళాను. బోక్ సన్‌ని అక్కడికి లాక్కొచ్చి పడేశారు. కొయ్య సగానికి విరిగి పక్కకి వాలి ఉంది, పైనున్న ఏంటెన్నా పోయింది. కేబుల్ తెగిన చివర గాల్లో ఊగుతోంది. లోపలి సెట్టులో ఉప్పునీళ్ళు నిండి పనికిరాకుండా పోయింది. నా పసుపు చీటీ సగం కరిగి ఇంకా దానికే వేలాడుతోంది.

సెట్టు విప్పాక ఏ బుద్ధి పుట్టిందో, అలవాటు కొద్దీ నా పెట్టెలోని మంచి సెట్టూ మీటరూ తీసి ఆ కేబుల్‌కి తగిలించాను. మైకు నొక్కాను.

ఒకటి పాయింట్ ఒకటి.

మీటరు పాడైందనుకుని తట్టాను. మళ్ళీ నొక్కాను. అదే అంకె. తలెత్తి చూశాను. కొయ్య చివర ఏంటెన్నా లేదు. ఆకాశం తప్ప ఏమీ లేదు. చివర ఏమీ తగిలించని కేబుల్‌లోకి బలం పంపితే మొత్తం వెనక్కి తన్నుకొచ్చి ముల్లు ఎగిరి అవతలి గోడకి కొట్టుకోవాలి. అది బుద్ధిగా ఒకటి పాయింట్ ఒకటి దగ్గర కూర్చుంది. వెనక్కి ఎందుకు రావట్లేదంటే, వెళ్ళినదే లేదు గనక. దారిలోనే కేబుల్ మింగేస్తోంది. వెళ్ళేటప్పుడు మింగి, ఏదైనా మిగిలి తిరిగొస్తే దాన్నీ మింగి, మీటరుకి చేతులు దులిపి చూపిస్తోంది.

అక్కడే కూలబడ్డాను.

పాత పడవలో, పాత కేబుల్‌తో, ఒకటిన్నర రావాల్సిన చోట ఒకటి పాయింట్ ఒకటి వస్తే సంతోషించకూడదు, భయపడాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. పనిలో చేరిన మొదటి ఏడే నేర్చుకున్న పాఠం. అందుకే పైకెక్కి ఏంటెన్నా దగ్గర కూడా కొలుస్తాం. పైన ఎంత చేరిందో చూస్తే గుట్టు బయటపడుతుంది. మంచుగా ఉందని, మోకాళ్ళు నొస్తున్నాయని, అన్నిటికంటే వాడు చెబితే నేను వినడమేంటని, ఎక్కలేదు.

కత్తి తీసి కేబుల్ తొడుగుకి గాటు పెట్టాను. నల్లటి నీళ్ళు కారాయి. ఓ క్షణం ప్రాణం లేచొచ్చింది. పడవ మునిగినప్పుడు లోపలికి పోయిన నీళ్ళేగా ఇవి! ఎవరికైనా అదే చెప్పొచ్చు. కానీ ఇంకో బారెడు అవతల గాటు పెట్టాను, మళ్ళీ ఇంకో బారెడు. లోపలి రాగి అల్లిక ఎర్రగా ఉండాల్సింది బొగ్గులా ఉంది, గోరు తగిలితే పొడి రాలుతోంది. సముద్రం రెండు రోజుల్లో అలా తినలేదు. దానికి ఏళ్ళు పట్టాలి. వాన నీళ్ళు పైనుంచి చుక్కచుక్కగా దిగి ఏళ్ళ తరబడి తిన్నాయి. ఈ సంగతి ఆ రేవులో చూసి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చి మా ఆవిడ జోంగ్ రేతో చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ ఆగింది.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"అయితే మునిగినప్పుడు లోపలికి పోయిన నీళ్ళని చెప్పు. అంతే."

"వాణ్ణి జైల్లో పెడతారే."

"నిన్ను పెట్టరా? ముప్పై పడవలు నీ చీటీ నమ్ముకుని సముద్రం మీదకి పోతున్నాయి. రేపు నీ మొహాన ఉమ్ముతారు. మన పిల్ల అత్తగారింట్లో తలెత్తుకోగలదా? పోయినవాడు ఎలాగూ రాడు." ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "నువ్వు కావాలని చేశావా ఏంటి?"

కావాలని చేయలేదు. ఆ మాట పట్టుకుని మూడు రోజులు బతికాను. కేబుల్ చుట్టగా చుట్టి కొట్టులో బల్ల కింద దాచాను. దారిలో ఎవరైనా "ఏంటన్నా సంగతి" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. అన్నం సయించలేదు. మనసులో మాత్రం అధికారుల ముందు చెప్పాల్సినవి సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. జల ప్రవేశం, సంధాన లోపం, ప్రమాదానంతర క్షయం. ఎంత చక్కటి మాటలు! ఆ మాటల చాటున ఓ పడవనే దాచేయొచ్చు.

మూడో రోజు చున్ సామ్ నా కొట్టుకి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. సరిగ్గా ఆ బల్ల పక్కనే.

"అన్నా, నిన్నొకటి అడగాలి. తిట్టకు."

"అడుగు."

"మేము నిజంగా పిలిచామంటావా?"

నేను చేతిలో పని కింద పెట్టాను.

"సెట్టు బాగుంటే వినపడాలిగా. ఎవరికీ వినపడలేదు. అంటే పిలవలేదనేగా?" వాడు నేలకేసి చూస్తూ మాట్లాడుతున్నాడు. "నేను కింద నీళ్ళు తోడుతున్నాను. దోక్ బే పైన మైకు పట్టుకుని ఉన్నాడు. వాడి గొంతు విన్నాననే గుర్తు. కానీ చలికి బుర్ర పని చేయలేదేమో. ఊహించుకున్నానేమో. అందరూ అంటుంటే నాకే అనుమానంగా ఉందన్నా. ఒప్పేసుకుంటే పోతుందా? ఓక్ బున్ వదినకైనా మనశ్శాంతిగా ఉంటుందా?"

చెప్పాల్సింది ఆ క్షణాన. బల్ల కిందకి వంగి చుట్ట తీసి వాడి ఒళ్ళో పెడితే సరిపోయేది. నేను "టీ తాగుతావా" అన్నాను. థూ నా బతుకు. వాడు వద్దన్నాడు. లేచి, పోయేముందు నాకు నడుం వంచి దణ్ణం పెట్టాడు. "నీ మాట మీద లేనిపోని నింద వేశాను నవంబరులో. మనసులో పెట్టుకోకు," అని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక తలుపు మూసుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. మనిషి దగ్గరున్న ఒక్క నిజాన్నీ వాడి బుర్రలోంచి లాగేశాను కదా అని ఏడ్చాను.

విచారణ రోజున కోటు వేసుకోలేదు. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని, సెట్టూ బ్యాటరీ మోసుకుని సంఘం హాలుకి వెళ్ళాను. జోంగ్ రే గుమ్మం దాకా వచ్చింది, వద్దని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో తెల్లబట్టల్లో ఓక్ బున్ వదిన. గోడ పక్కన ఒంటరిగా చున్ సామ్, వాడి చుట్టూ రెండేసి కుర్చీలు ఖాళీ.

నా వంతు వచ్చింది. "సెట్టు పరిశీలించారు కదా, సాంకేతికంగా చెప్పండి," అన్నాడు పెద్ద అధికారి.

"సాంకేతికంగా చెప్పే కొంప ముంచాను సార్. ఇవాళ మామూలుగా చెబుతాను."

కేబుల్ ఒక చివర మీటరుకి తగిలించాను. రెండో చివర పైకెత్తి అందరికీ చూపించాను. "ఇక్కడేమైనా ఉందా?"

"ఏమీ లేదు," అన్నారు.

మైకు నొక్కాను. "సార్, అంకె చదవండి."

ఆయన వంగి చూశాడు. "ఒకటి పాయింట్ ఒకటి. అంటే బాగున్నట్టేగా?"

"చివర ఏంటెన్నా లేదు సార్. ఈ కేబుల్ మొదట్లో ఎంత అరిచినా రెండో చివరికి గుసగుస కూడా చేరదు. మొత్తం ఇదే తాగేస్తుంది. అయినా మీటరు బాగుందనే అంటుంది. నవంబరులోనూ అదే అంది. అది అబద్ధమని పట్టుకోవడమే నా ఉద్యోగం. కొయ్య ఎక్కితే పట్టుకునేవాణ్ణి. చున్ సామ్ ఎక్కమని బతిమాలాడు. నేను ఎక్కకుండా వాణ్ణి ఎగతాళి చేసి, ఉత్తమం అని రాసి సంతకం పెట్టాను."

కత్తితో కేబుల్ నిలువునా చీల్చి అధికారి ముందు పడేశాను. నల్లటి పొడి ఆయన కాగితాల మీద రాలింది. "ఇది మునిగినప్పటి నీళ్ళ పని కాదు. ఇలా అవడానికి ఏళ్ళు పడుతుంది. నా మాట నమ్మకపోతే పట్నంలో ఎవరికైనా చూపించండి. వాళ్ళు పిలిచారు. పిలిస్తే వినపడకుండా చేసింది నేను."

నేను వదిన వైపు చూడలేకపోయాను. ఉప్పు కాదు, రాయి పెట్టి కొట్టినా సరే అనుకున్నాను.

వదిన లేచింది. నా దగ్గరికి రాలేదు. ఖాళీ కుర్చీలు దాటుకుంటూ వెళ్ళి చున్ సామ్ ముందు నిలబడింది.

"పిలిచింది ఎవరు? వాడేనా?"

"వాడే వదినా."

"ఏమని పిలిచాడు?"

"బోక్ సన్, ఇది బోక్ సన్, ఇద్దరం ఉన్నాం, నీళ్ళు ఎక్కుతున్నాయి అని. ఎక్కడున్నామో అంకెలు చదివాడు. చదివి, మైకు వదిలి, జవాబు కోసం ఆగేవాడు. మళ్ళీ మొదట్నుంచి. ఒక్క అంకె కూడా తడబడలేదు."

"తర్వాత?"

"గరగర తప్ప ఏమీ రాలేదు. మధ్యలో నాకేసి తిరిగి నవ్వాడు. బాబాయ్, మధ్యాహ్నమైందిగా, అందరూ అన్నం ముందు కూర్చున్నట్టున్నారు అన్నాడు."

వదిన నోటికి తెల్లబట్ట అంచు అడ్డం పెట్టుకుంది. "తర్వాత?"

"పడవకి కట్టిన తెప్ప విప్పేద్దామా బాబాయ్ అన్నాడు. నేనే..." వాడు కట్టు చేతికేసి చూసుకున్నాడు. "నేనే వద్దన్నాను వదినా. ఆ గాలిలో తెప్ప మీద గంట కూడా బతకం, పడవ తేలినంతసేపు ఇందులోనే ఉందాం, పిలుస్తూ ఉండు, వచ్చేస్తారు అన్నాను. అవును బాబాయ్, మన చెవి పోయింది గానీ నోరు బాగానే ఉంది, పాన్ సోక్ బాబాయ్ కొలిచాడుగా అని, సెట్టుకున్న చీటీ తట్టి చూపించాడు."

నా పేరు అక్కడ వినపడింది. హాల్లో ఎవరూ నావైపు తిరగలేదు. తిరిగుంటే బాగుండేది.

"ఆఖరున? ఆఖరున ఏమన్నాడు?"

"పడవ ఒరిగిపోతోంది. నేను తాడు విసిరాను. వాడు ఒక్క నిమిషం అని మైకు తీసుకున్నాడు. మీ మాట మాకు వినపడట్లేదు. మా మాట మీకు చేరుతోందని మాకు తెలుసు. త్వరగా రండి. అన్నాడు. అని మైకు వదిలాడు, మర్యాదగా, ఎప్పట్లాగే. అప్పుడే తిరగబడింది."

వదిన వంగి, చున్ సామ్ కట్టు చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు పసిపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. ఆవిడ ఓదార్చలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు.

నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. "వదినా..." అన్నాను.

"నా ముందు కూర్చుంటే ఏం వస్తుంది మరిదీ?" అంది, నావైపు చూడకుండానే. ఆ గొంతులో కోపం కూడా లేదు. "రేవులో ముప్పై పడవలున్నాయి. రేపు పొద్దున వేటకి పోతాయి. లే. వెళ్ళి కొయ్యలు ఎక్కు."

నేను లేచి మీటరు తీసుకుని బయటికి నడిచాను. జనం దారి ఇచ్చారు. గాలి అలాగే వీస్తోంది. మొదటి పడవ ఎక్కి కొయ్యకి చేతులు చుట్టాను, పైకి పాకాను. ఆ రోజు చీకటి పడేలోపు పద్నాలుగు ఎక్కాను, తెల్లారాక మిగతావి. నేను దిగేదాకా ఒక్క పడవా రేవు దాటలేదు. ఏ పడవవాడూ నాతో మాట్లాడలేదు, నా నడుముకి కట్టిన తాడు మాత్రం పట్టుకున్నారు.

ముప్పై పడవల్లో ఆరింటి కేబుల్ లోపల నల్లగా ఉంది. ఆ ఆరు సెట్లకీ నా చేత్తో రాసిన పసుపు చీటీలున్నాయి. ఆరింటి మీదా ఉత్తమం అనే ఉంది.